అద్దం గోడ మీద పేర్లు

“ఒక్కదానివేనా?”

ఈ ప్రశ్న వినకుండా మనలో ఎవరూ ఊరి పొలిమేర దాటి ఉండం. బస్సులో టికెట్ కొట్టే కండక్టరు అడుగుతాడు. లాడ్జి రిజిస్టరు ముందు కూర్చున్న గుమాస్తా అడుగుతాడు. రైల్లో ఎదురు బెర్తు మీది పెద్దాయన, పులిహోర పొట్లం విప్పుతూ, ఎంతో ఆపేక్షగా అడుగుతాడు. అడిగే గొంతులో ఒకచోట అనుమానం, ఒకచోట జాలి, ఒకచోట లెక్క. మగవాడు సంచి భుజాన వేసుకుని బయల్దేరితే “ఎక్కడికి?” అంటారు. మనల్ని మాత్రం “ఎవరితో?” అంటారు. యాత్ర అనేది ఎవరి సొత్తో ఆ రెండు ప్రశ్నల్లోనే తెలిసిపోతుంది.

నా పిహెచ్.డి. తెలుగు యాత్రాసాహిత్యం మీద. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో చేసిన కాశీయాత్రతో మొదలుపెట్టి ఆరేళ్ళపాటు ఆ పుస్తకాల మధ్యే బతికాను. ఆయన పెద్ద పరివారంతో బయల్దేరాడు. ఆ పరివారంలో ఆడవాళ్ళూ ఉన్నారు. ఆయన దాటిన ఏరులన్నీ వాళ్ళూ దాటారు, ఆయన పీల్చిన దుమ్మంతా వాళ్ళూ పీల్చారు. కానీ ఆ యాత్ర వాళ్ళది కాలేదు. వాళ్ళు ఏం చూశారో, ఏ మజిలీలో కాళ్ళు నొప్పెట్టి కూలబడ్డారో, ముట్టయిన రోజుల్లో ఏం చేశారో మనకి తెలియదు. తర్వాత మద్రాసు నుంచి ఇంగ్లండు వెళ్ళివచ్చిన పోతం జానకమ్మ తన అనుభవాల్ని పుస్తకంగా తెచ్చింది. 1876లో ఇంగ్లీషులో వచ్చిన ఆ పుస్తకం గురించి తెలుగు ఎం.ఏ. చదివిన రెండేళ్ళలో నాకు ఒక్కరూ చెప్పలేదు. నాయని కృష్ణకుమారి గారి ‘కాశ్మీర దీపకళిక’ చదివినప్పుడు మాత్రం, ఒక స్త్రీ కళ్ళతో కొండని చూడటం అంటే ఏమిటో మొదటిసారి అర్థమైంది.

ఆ ఆరేళ్ళలో నన్ను ఎక్కువగా విసిగించింది ఇంకొకటుంది. మగ యాత్రికుడు కొత్త ఊరు చేరగానే రాసే పట్టికలో నేల, నీళ్ళు, పంటలు, గుళ్ళు అయ్యాక తప్పకుండా ‘ఇక్కడి స్త్రీలు’ అని ఒక పేరా ఉంటుంది. రంగు ఎలాంటిది, చీర ఎలా కడతారు, నడక ఎలా ఉంటుంది. చూడదగ్గ వస్తువుల జాబితాలో చెరువు పక్కన, కోట పక్కన స్త్రీ. చూసేది అతను, చూడబడేది ఆమె. మరి అటునుంచి ఇటు చూసినవాళ్ళు ఎవరూ లేరా అని వెతుకుతుంటే, ఒకరోజు లైబ్రరీలో సిగిరియా గోడ రాతల గురించి చదివాను. శ్రీలంకలో ఒక పెద్ద రాతికొండ మీద బొమ్మలుగా ఉన్న స్త్రీలని చూసి వెయ్యేళ్ళ కింద జనం గోడ మీద పద్యాలు గీశారట. గీసినవాళ్ళలో ఆడవాళ్ళు కూడా ఉన్నారట. ఆ ‘కూడా’ దగ్గర నా మనసు ఆగిపోయింది.

2023 ఆగస్టులో పదకొండు రోజుల సెలవు, వీపు మీద ఒకే ఒక్క సంచితో బయల్దేరాను. మా అమ్మ వరంగల్ దగ్గర పల్లెలో పుట్టి, హనుమకొండలో కాపురం చేసి, యాదగిరిగుట్ట, వేములవాడ, ఒకసారి బంధువుల గుంపుతో తిరుపతి తప్ప ఏమీ ఎరగని మనిషి. “ఒక్కదానివే పోతవా బిడ్డా?” అంది. తర్వాత కాసేపటికి తనే, “తోడెవరన్న ఉంటె నీకు సూసుడు కాదు, వాళ్ళకి వండి పెట్టుడే అయితది” అని సకినాల డబ్బా సంచిలో కుక్కింది. నేను చదివిన సిద్ధాంతగ్రంథాల్లో ఏదీ ఆ మాట ఇంత సూటిగా చెప్పలేదు.

కొలంబో నుంచి రైల్లో అనురాధపురం. అక్కడినుంచి తిరిగినంత కాలం ఎర్రరంగు ప్రభుత్వ బస్సులే. ఆ బస్సుల్లో ముందు సీట్లు మతగురువులకి కేటాయించి ఉంటాయి. పసిబిడ్డని చంకనేసుకున్న తల్లి కడ్డీ పట్టుకుని నిలబడి ఉండగా ఆ సీటు ఖాళీగా ఊగుతూ వెళ్ళడం చూశాను. ఆ మర్నాడు, మూడు నిండు స్టేజీల తర్వాత, ఒక ముసలి భిక్షువు ఎక్కి, తన సీట్లో ఒక గర్భిణిని కూర్చోబెట్టి తను నిలబడటమూ చూశాను. రెండూ రాయాలి కదా.

అనురాధపురంలో నన్ను మొదట పలకరించింది శిథిలాలు కాదు, చెరువులు. తిస్స వెవ, అభయ వెవ, నువర వెవ. వెవ అంటే చెరువు. సాయంత్రం తిస్స వెవ కట్ట మీద నడుస్తుంటే, పక్కన మర్రిచెట్లు, మెట్ల మీద బట్టలుతికే ఆడవాళ్ళు, నీళ్ళలో మెడదాకా మునిగిన బర్రెలు. పాకాల కట్ట మీద ఉన్నానో ఇంకెక్కడున్నానో తెలియనట్టు అయింది. శ్రీలంకలో వానలు తక్కువ పడే ఈ ఉత్తర మైదానంలో రెండు వేల ఏళ్ళుగా ఒక చెరువు మిగులు నీళ్ళు కింది చెరువులోకి దిగేట్టు వరసగా కట్టుకుంటూ పోయారు. మన కాకతీయుల కాలపు గొలుసుకట్టు చెరువుల్లాంటివే. మనం తూము అనేదాని దగ్గర వాళ్ళు నాలుగు వైపులా రాయి పేర్చిన ఒక గుంట కట్టి, నీటి ఒరవడిని అందులో అణిచి, తర్వాత బయటికి వదిలేవారు. దాని పేరు బిసోకొటువ. రాణి ఉండే చోటు అని ఆ పేరుకి ఒక అర్థం చెబుతారు. రాణికీ తూముకీ ఏం సంబంధమో నాకు తట్టలేదు గానీ, ఒరవడిని లోపల అణుచుకుని బయటికి నెమ్మదిగా వదిలే పనికి ఆడపేరు పెట్టడంలో ఆశ్చర్యమేమీ కనిపించలేదు.

అక్కడి మహాబోధి వృక్షం కింద తెల్లబట్టల్లో వందలమంది కూర్చుని ఉన్నారు. ఎక్కువమంది స్త్రీలే. ఆ చెట్టు మూలమైన మొక్కని క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో సముద్రం మీదుగా తెచ్చింది అశోకుడి కూతురు సంఘమిత్త అని బౌద్ధ సంప్రదాయం. ఆమె మొక్కతోపాటు భిక్షుణీ సంఘాన్నీ తెచ్చింది. చెట్టు బతికింది. భిక్షుణీ సంఘం మాత్రం 11వ శతాబ్దంలో చోళుల దండయాత్ర కాలానికి అంతరించింది. భిక్షువుల సంఘమూ అప్పుడే దెబ్బతింది. కానీ దాన్ని బయటి దేశాలనుంచి గురువుల్ని రప్పించి మళ్ళీ నిలబెట్టారు. స్త్రీల సంఘం కోసం ఆ పని చేయడానికి తొమ్మిది వందల ఏళ్ళు పట్టింది. 1998లో దంబుల్లలో స్త్రీలకి మళ్ళీ ఉపసంపద ఇచ్చినప్పుడు, అది చెల్లదని అడ్డుపడ్డవాళ్ళు చాలామందే. అంత పాత చెట్టుకి ఊతకర్రలు పెట్టి, కంచె కట్టి, కాపలా కాసే సమాజం, దాన్ని తెచ్చినామె వారసుల్ని ఎందుకు గాలికొదిలేసిందో ఆ కంచె దగ్గర నిలబడి చాలాసేపు ఆలోచించాను.

సిగిరియా ఊళ్ళో ఒక ఇంట్లో గది తీసుకున్నాను. ఇంటావిడకి యాభై దాటి ఉంటాయి. గేటు దగ్గరే, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగిచూసి, “తనియమ ద?” అంది. ఒక్కదానివేనా అని. భాష రాకపోయినా ప్రశ్న అర్థమైంది. అవునన్నాను. ఎక్కడినుంచి అంటే హైదరాబాద్ అన్నాను. ఆమె మొహం విప్పారింది. “తిన్నావా?” అంది. స్పష్టమైన తెలుగులో. నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను.

కువైట్‌లో నేర్చుకుందట. అక్కడ ఒక ఇంట్లో ఆరేళ్ళు పనిచేసింది. పక్కింట్లో పనిచేసేది కడప జిల్లా ఆవిడ. చెత్త పారెయ్యడానికి బయటికొచ్చినప్పుడు ఇద్దరూ కలుసుకునేవారు. ఈమెకి వచ్చిన తెలుగంతా ఆ చెత్తకుండీ దగ్గరిదే: తిన్నావా, బాగున్నావా, ఏడవద్దు, డబ్బు పంపినావా. సింహళంలోనూ అక్కని అక్కా అనే అంటారు, అమ్మని అమ్మా అనే అంటారు. కాబట్టి నేనామెని అక్కా అనడానికి ఏ నిఘంటువూ అవసరం కాలేదు.

మర్నాడు పొద్దున్నే రాయి ఎక్కాను. చుట్టూ చదునైన అడవి, మధ్యలో దాదాపు 180 మీటర్ల ఎత్తున ఒకే ఒక్క బండ. 5వ శతాబ్దంలో కాశ్యపుడనే రాజు తండ్రి ధాతుసేనుణ్ణి చంపించి, తమ్ముడికి భయపడి దీని నెత్తి మీద రాజప్రాసాదం కట్టుకున్నాడు. 477 నుంచి 495 దాకా అతని పాలన. నిధి ఎక్కడ దాచావని కొడుకు మనుషులు నిలదీస్తే, తండ్రి తను కట్టించిన కలా వెవ అనే చెరువుకి తీసుకెళ్ళి, దోసిట్లోకి నీళ్ళు తీసుకుని నా ఆస్తి ఇదేనన్నాడని కథ. మా అమ్మమ్మ విని ఉంటే ఆ తండ్రి పక్షానే నిలబడేది.

కింద తోటల్లో రాతి కాలువలు, కొలనులు. వానాకాలంలో ఇప్పటికీ చిమ్మే ఫౌంటెన్లు ఆగస్టులో ఎండి ఉన్నాయి. ‘చప్పుడు చెయ్యొద్దు, కందిరీగలు లేస్తాయి’ అని దారిలో హెచ్చరికలు. సగం ఎత్తులో ఇనుప చుట్టుమెట్లెక్కితే, రాతి మడతలో ఆ బొమ్మలు. మబ్బుల్లోంచి నడుముదాకా బయటికి వచ్చినట్టుగా స్త్రీలు, చేతుల్లో పూలు. ఫోటోలు తీయనివ్వరు. మంచిదే, కళ్ళతోనే చూశాను. ఒకప్పుడు అయిదువందల మంది ఉండేవారని పాత రాతలు చెబుతున్నాయి. మిగిలింది ఇరవై పైచిలుకు. వీళ్ళెవరన్నదాని మీద పెద్ద చర్చే జరిగింది. గుడికి పూలు తీసుకెళ్తున్న అంతఃపుర స్త్రీలన్నాడు పురావస్తు అధికారి బెల్. అప్సరసలన్నాడు ఆనంద కుమారస్వామి. మెరుపు కన్యలూ మేఘ కన్యలూ అన్నాడు పరణవితాన. ముగ్గురూ పండితులే, ముగ్గురి దగ్గరా కారణాలున్నాయి. నేను చూస్తున్నంతసేపూ నాకు వేరే ప్రశ్నలు వచ్చాయి. ఒక్కో మొహం ఒక్కోలా ఉందే, ఎదురుగా ఎవరినైనా నిలబెట్టి గీశారా? ఎంతసేపు నిలబెట్టారు? ఆ ఎత్తుకి ఆమె ఎలా వచ్చింది?

బొమ్మల కింద, దారి పొడవునా ఒక గోడ. సున్నం గచ్చుని అద్దంలా మెరిసేట్టు తోమారు కాబట్టి దాన్ని అద్దం గోడ అంటారు. రాజు పోయాక, కోట పాడుబడ్డాక, చూడటానికి వచ్చినవాళ్ళు దాని మీద పద్యాలు గీశారు. చాలావరకు 8, 9, 10 శతాబ్దాలవి. సెనరత్ పరణవితాన ఏళ్ళ తరబడి కూర్చుని వాటిలో 685 పద్యాలు చదివి 1956లో అచ్చువేశాడు. సింహళ కవిత్వంలో మిగిలిన అతి పాత రాతల్లో ఇవీ ఉన్నాయి. స్కూల్లో పిల్లలకి పాఠంగా చెబుతారని అక్క చెప్పింది. ‘కురుటు గీ’ అంటారట, గీకిన పాటలు అని.

చాలా పద్యాలు మగవాళ్ళవి. ఆ బంగారు వన్నె స్త్రీలు పలకలేదని బాధ, చూసి పరవశం, చూపు మరల్చలేని అవస్థ. మన ప్రబంధాల్లో నఖశిఖ వర్ణనలు చదివి పెరిగినవాళ్ళం మనం, ఆ గొంతు మనకి కొత్త కాదు. కానీ అదే గోడ మీద దేవ అనే ఆమె, మహమాత భార్య, ఒక పద్యం రాసింది. ఆ బొమ్మల్ని చూస్తే తనకి కోపం వచ్చిందని దాని సారం.

మోహం కాదు, భక్తి కాదు. కోపం.

అది అసూయ అనేస్తే పని తేలిక. సవతి మత్సరం అని మన వ్యాఖ్యాతలు చిటికెలో తేల్చేస్తారు. నాకు మాత్రం అది పాఠకురాలి కోపంలా వినిపించింది. రాజు పోయాడు, రాజ్యం పోయింది, ఈ అందగత్తెలు మాత్రం చావకుండా, ముసలివాళ్ళు కాకుండా గోడకి వేలాడుతూ, దారిన వచ్చే ప్రతి మగవాడికీ ఆడదంటే ఇలా ఉండాలని కొలత ఇస్తున్నారు. ఇంట్లో పిల్లల్ని కని, ఎండలో ఈ కొండెక్కి, చెమటతో నిలబడ్డ మనిషికి కోపం రాదా? వచ్చింది. రాసింది. కింద తన పేరు పెట్టింది. భర్త పేరు కూడా పెట్టాల్సి వచ్చింది, నిజమే. కానీ బొమ్మలో ఉన్న ఏ స్త్రీకీ పేరు లేదు. చూసినామెకి ఉంది.

ఆ పద్యం ఎక్కడుందో నాకు కనిపించలేదు. లిపి రాదు, దగ్గరికి పోనివ్వరు, వెనక జనం తోస్తుంటారు. సన్నటి గీతల మీద ఎండ పడి మెరిసి పోతుంది, అంతే. అయినా ఈ గచ్చు మీద ఎక్కడో ఆమె చెయ్యి ఆనిందన్న ఎరుకతో ఆ వంద అడుగులూ నడిచాను.

ఇదే గోడకి ఇంకో కథ ఉంది. 2015లో ఒక పేదింటి యువతి ఈ గోడ మీద తన పేరు గీసింది. పట్టుకుని కోర్టుకి తీసుకెళ్తే రెండేళ్ళు జైలు శిక్ష వేశారు. దేశమంతా చర్చ జరిగాక, అధ్యక్షుడు క్షమాభిక్ష పెడితే విడుదలైంది. అలా గీయడం సరేనని నేను అనను. వచ్చే ప్రతి ఒక్కరూ ఒక్కో అక్షరం గీసినా దేవ పద్యం పదేళ్ళలో చెరిగిపోతుంది. చట్టం ఉండాల్సిందే. కానీ రెండేళ్ళు! గీతని సాహిత్యంగా మార్చేదేమిటి, నేరంగా మార్చేదేమిటి? వెయ్యేళ్ళ కాలం, మాసిపోయిన లిపి, దాన్ని చదివే పండితుడు. ఇవి కలిస్తే పాఠ్యపుస్తకం, కలవకపోతే పోలీస్ స్టేషన్. ఆ పండితుల వరసలో చివర ఎక్కడో నేనూ ఉన్నాను. చనిపోయిన స్త్రీల గొంతుల్ని వెతికి పట్టుకుని సెమినార్లలో చదివే మనం, బతికున్న ఆడపిల్ల నేనిక్కడికి వచ్చానని చెప్పుకోవాలనుకుంటే ఆమెకి ఏ గోడ చూపిస్తాం?

సాయంత్రం అక్క వరండాలో కూర్చుని ఇదంతా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. ఆమె కొబ్బరి తురుముతూ వింది. తర్వాత తన సంగతి చెప్పింది. రెండేళ్ళ కూతుర్ని తల్లి దగ్గర వదిలి వెళ్ళింది. విమానం ఎక్కడం అదే మొదలు. ఒక్కతే. “అప్పుడు ఊళ్ళో ఎవరూ తనియమ ద అని అడగలేదు” అంది. కువైట్‌లో ఇంటివాళ్ళు ఈమె పేరు నోరు తిరగదని, ఈమెకి ముందు పనిచేసి వెళ్ళిపోయిన అమ్మాయి పేరుతోనే పిలిచేవారట. ఆరేళ్ళూ అదే పేరు. అసలు పేరుతో పిలిచింది చెత్తకుండీ దగ్గర కడప ఆవిడ ఒక్కతే. మనం ఇప్పుడు కూర్చున్న ఈ ఇల్లు, నేను అద్దెకి తీసుకున్న ఆ గది, అన్నీ ఆ డబ్బుతో కట్టినవే.

కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కి వెళ్ళిన వేలమంది మన స్త్రీలు గుర్తొచ్చారు. ఎడారి చూశారు, సముద్రం దాటారు, పరాయి భాష నేర్చారు. యాత్రాసాహిత్యం మీద నేను రాసిన మూడువందల పేజీల్లో వాళ్ళకి చోటు లేదు, ఎందుకంటే దాన్ని యాత్ర అని ఎవరూ అనలేదు. వలస అన్నారు. వీపు మీద సంచితో సరదాకి తిరిగితే యాత్ర, నెత్తిన మూటతో బతుకుదెరువుకి తిరిగితే వలస. ఇక్కడి ప్రభుత్వం 2013లో అయిదేళ్ళలోపు పిల్లలున్న తల్లులు విదేశాల్లో పనికి వెళ్ళకుండా ఆంక్షలు పెట్టింది. 2022లో డాలర్లకి కటకటలాడినప్పుడు, అలా ఇంటిపనికి వెళ్ళే స్త్రీల కనీస వయసుని 21 ఏళ్ళకి తగ్గించింది. ఆడదాని అడుగు ఎప్పుడు తప్పో ఎప్పుడు ఒప్పో ఖజానా చెబుతుందన్నమాట.

నీ గురించి పత్రికలో రాస్తాను, పేరు రాయనా అని అడిగాను. ఆమె నవ్వి, “ఇప్పుడొద్దు. కూతురి పెళ్ళయ్యాక” అంది. దేవకి ఉన్న ధైర్యం ఈమెకి లేదని కాదు. ఈమె లెక్కలు ఈమెకున్నాయి.

తర్వాతి రోజు ఆమే కుదిర్చిన జీపులో, కురునేగల నుంచి వచ్చిన ఇద్దరు టీచర్లతో కలిసి మిన్నేరియా వెళ్ళాను. 3వ శతాబ్దపు చివర మహాసేనుడు తవ్వించిన చెరువు అది. ఎండాకాలం నీళ్ళు వెనక్కి తగ్గి, బయటపడ్డ నేల మీద పచ్చగడ్డి మొలుస్తుంది. దానికోసం చుట్టుపక్కల అడవుల్లోని ఏనుగులన్నీ జులై నుంచి అక్టోబరు దాకా అక్కడ చేరతాయి. పొద్దువాలుతుండగా పొదల్లోంచి ఒక్కో మందా దిగింది. ముందు ఒక పెద్ద ఆడ ఏనుగు ఆగి, తొండం ఎత్తి గాలి చూసి, సరేననుకున్నాకే వెనకవాళ్ళు కదిలారు. పిన్నమ్మలూ, అక్కలూ, మధ్యలో పిల్లలు. మందని నడిపేది ఎప్పుడూ పెద్దావిడేనట. ఎదిగిన మగ ఏనుగు దూరంగా విడిగా తిరుగుతుంది. “అతన్ని ఎవరైనా అడుగుతారా, ఒక్కడివేనా అని?” అంది ఒక టీచరు. ముగ్గురం పగలబడి నవ్వితే డ్రైవరు ఉష్ అన్నాడు.

పొలొన్నరువ చివరి మజిలీ. పరాక్రమ సముద్రం అనే చెరువు ఒడ్డున నిలబడితే అవతలి గట్టు ఆనదు. పేరుకి తగ్గ సముద్రమే. పరాక్రమబాహువు పేరు అక్కడ ప్రతి రాతికీ ఉంది. నేను వెతికింది అతని భార్య లీలావతిని. అతని తర్వాత, 1197కీ 1212కీ మధ్య ఆమె మూడుసార్లు సింహాసనం ఎక్కింది, మూడుసార్లూ దించారు. ఎక్కించింది సేనాపతులే. ఆమె వేయించిన నాణేల మీద ‘శ్రీ రాజ లీలావతి’ అని ఉంటుంది. రాణి అని కాదు, రాజ. మరో అరవై ఏళ్ళకి మన ఓరుగల్లులో రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజు అయింది. ఏలాలంటే మగపేరో మగబిరుదో తొడుక్కోవాలి. ఆ ఊళ్ళో లీలావతిని వెతుకుతుంటే పుట్టింటివాళ్ళెవరినో వెతుకుతున్నట్టే ఉంది.

ఇంటికొచ్చాక పాత నోట్సు తిరగేస్తుంటే మరో పేరు దొరికింది. నాగార్జునకొండ శాసనాల్లో బోధిసిరి అనే ఉపాసిక. 3వ శతాబ్దం, ఇక్ష్వాకుల కాలం. రాజు చెల్లెలు చాంతిసిరి మహాచైత్యం కట్టించిందని మనం చదువుకున్నాం. బోధిసిరి రాజవంశపు స్త్రీ కాదు, గృహస్థుల ఇంటి మనిషి. తామ్రపర్ణి, అంటే ఈ శ్రీలంక నుంచి వచ్చిన బౌద్ధాచార్యుల కోసం చైత్యగృహం కట్టించింది. సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి, మరోచోట ఒక చెరువు. ఇవన్నీ నేను ఇచ్చానని ప్రాకృతంలో రాతి మీద చెక్కించింది. సముద్రం అవతలివాళ్ళకి కృష్ణ ఒడ్డున ఆతిథ్యం ఇచ్చింది ఒక తెలుగునేల స్త్రీ అన్న సంగతి తెలిశాక, నేను వెళ్ళింది పరాయిదేశానికి అనిపించలేదు. బాకీ ఏదో తీర్చుకోవడానికి వెళ్ళొచ్చినట్టుంది.

2024 జనవరిలో అమ్మని తీసుకుని నాగార్జునసాగర్ వెళ్ళాను. ఆ లోయలో తవ్వకాలు 1954 నుంచి 1960 దాకా హడావుడిగా సాగాయి, నీళ్ళు వస్తున్నాయని. తీసినన్ని పైకి తెచ్చి కొండ మీద పెట్టారు. మిగిలింది జలాశయం కింద ఉంది. లాంచీలో కూర్చుని, ఫోటోకాపీ తెరిచి, బోధిసిరి రాయించింది అమ్మకి అర్థం చెప్పాను. ఆమె ఈ పుణ్యాన్ని భర్తకీ, అత్తవారికీ, పుట్టింటివారికీ, పిల్లలకీ పేరుపేరునా పంచుతుంది. ఆ జాబితా పెళ్ళిపత్రికంత ఉంటుంది.

అమ్మ శ్రద్ధగా విని, “అంటే గిన్నెల మీద పేర్లు కొట్టిచ్చినట్టేనా?” అంది.

ఒక్క క్షణం నాకు మాట రాలేదు. మా ఇంట్లో స్టీలు సామాన్లన్నిటి మీదా చుక్కలు చుక్కలుగా పేర్లున్నాయి. నాన్నవి, తాతవి, ఇంటిపేర్లు. ఒక్క ఇత్తడి బిందె మీద మాత్రం మా అమ్మమ్మ పేరుంది. అమ్మ పెళ్ళికి ఇచ్చింది. చాకిరీ అంతా చేసిన చేతుల పేరు ఏ గిన్నె మీదా లేదని అమ్మకి ఎవరూ చెప్పనక్కర్లేదు, నలభై ఏళ్ళుగా తోముతున్నది తనే.

“అట్లనే అమ్మా” అన్నాను.

లాంచీ ఒడ్డు చేరుతుండగా అమ్మ అడిగింది. “నువ్వు ఎక్కినవే ఆ లంక గుట్ట, మెట్లెన్ని ఉంటయి?”

“పన్నెండు వందల దాకా ఉంటయమ్మా.”

చీర కొంగు నడుముకి దోపుకుని, దిగడానికి లేస్తూ అంది. “యాదగిరిగుట్ట ఎక్కలేదా నేను?”